తాడు పట్టుకున్న మహానుభావులు

తిరుపతి చుట్టుపక్కల మామిడి తోటలు ఒకప్పుడు కాయలకు పేరు పడ్డాయి. ఇప్పుడు వాటిలో కొన్ని రిసార్టులై టీమ్ బిల్డింగ్‌కు పేరు పడుతున్నాయి. శనివారం వస్తే చాలు, ఏదో ఒక ఆఫీసు బస్సు వచ్చి ఆగుతుంది. అందులోంచి ఒకే రంగు టీషర్టులు బిలబిలమంటూ దిగుతాయి. వీపు మీద 'వన్ టీమ్, వన్ డ్రీమ్' అని ఉంటుంది. ఆ డ్రీమ్ ఏమిటని అడిగి చూడండి. శనివారం పోయింది కాబట్టి సోమవారం సెలవివ్వడమని అందరూ ఒకే మాట చెబుతారు. నినాదంలో అబద్ధమేమీ లేదు.

టిఫిన్లయ్యాక బెంగళూరు నుంచి వచ్చిన ట్రైనర్ మైకు పట్టుకుని ఐకమత్యం మీద గంటసేపు మాట్లాడతాడు. తర్వాత తాడు తెస్తారు. అటు అకౌంట్స్, ఇటు మార్కెటింగ్. ఇలాంటి ఒక పోటీలో మా మేనేజరు గారు తాడు చివర నిలబడి గట్టిగా పళ్లు కొరుకుతుంటే, మంచినీళ్లు పట్టుకొచ్చిన అటెండరు దగ్గరగా వచ్చి ఎంతో వినయంగా అడిగాడు: "సార్, మీరు లాగతా ఉండారా, పట్టుకొని నిలబడుండారా?"

ఆ ప్రశ్న అటెండరు సొంతం కాదు. నూరేళ్లకు పైబడిన ప్రశ్న అది. రింగెల్మాన్ అనే ఫ్రాన్సు వ్యవసాయ ఇంజినీరు 19వ శతాబ్దం చివర్లో మనుషుల చేత తాడు లాగించి, ఎవరెంత బలం పెడుతున్నారో కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం 100 అనుకుంటే, ఇద్దరు కలిసేసరికి తలా 93కు దిగింది. నలుగురైతే 77. ఎనిమిదిమంది అయ్యేసరికి 49. అంటే గుంపులో మనిషి పని తగ్గిస్తాడని శాస్త్రం కనిపెట్టిందే తాడు లాగించి. సరిగ్గా ఆ తాడునే ఐకమత్యానికి మందుగా వాడుతున్న మన మేనేజ్‌మెంట్ల ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

రింగెల్మాన్ మర్యాదస్తుడు. అందరి ఊపూ ఒకేసారి కలవకపోవడమే అసలు కారణం కావచ్చని సర్దిచెప్పాడు. 1974లో అమెరికా పరిశోధకులు ఆ మొహమాటం పెట్టుకోలేదు. ఒకడి కళ్లకు గంతలు కట్టి తాడు ముందు భాగంలో నిలబెట్టారు. వెనక నిలబడినవాళ్లు లాగుతున్నట్టు నటించారు తప్ప లాగలేదు. ఊపు కలవకపోవడానికి అక్కడ రెండో మనిషే లేడు. అయినా ముందున్నవాడి బలం తగ్గింది. వెనక ఎవరో ఉన్నారులే అన్న ధీమా చాలు మనిషికి.

ఈ ధీమాను కళ్లారా చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరిస్తే సరి. పొద్దున్నే పెద్దాయన మెసేజ్ పెడతారు: 'సాయంత్రం ఐదుకల్లా రిపోర్టు వెళ్లాలి. అందరూ చూసుకోండి.' క్షణాల్లో బొటనవేళ్లు లేస్తాయి. 'నోటెడ్ సార్', 'ష్యూర్ సార్', ఎవరో ఒకరు దండం బొమ్మ. సాయంత్రం ఐదుకు రిపోర్టు తప్ప అన్నీ ఉంటాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. 'అందరూ' అనే ఉద్యోగి మన ఆఫీసుల్లో ఎప్పుడూ సెలవులోనే ఉంటాడు.

కాబట్టి ఆఫీసుల్లో టీమ్ స్పిరిట్ లేదనేవాళ్లతో నేను ఏకీభవించను. పనెవరు చేయలేదో పైవాడికి తెలియకుండా ఇంతమంది కలిసికట్టుగా కాపాడుకోవడం సామాన్యమైన విషయం కాదు. దీనికి ముప్పు తెచ్చే పరిశోధన కూడా ఒకటి ఉంది. 1981లో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు జనాన్ని గుంపుగా అరవమని, ఎవరి అరుపు ఎంతో విడివిడిగా తెలిసిపోతుందని ముందే చెప్పారు. అంతే, గుంపులో ఉన్నా ఎవరి గొంతూ తగ్గలేదు. చూశారా ఎంత ప్రమాదమో! మనవాళ్లు దూరదృష్టితో దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. ఒక మనిషికి ఇవ్వాల్సిన పనిని కమిటీకి ఇస్తారు. కమిటీకి కన్వీనరు, కన్వీనరుకు కోఆర్డినేటరు. పని ఎక్కడుందని అడిగితే 'ఫాలో అప్‌లో ఉంది సార్' అంటారు. ఫాలో అప్ ఎక్కడుంటుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కొండ మీద మాత్రం ఇంకా పాత పద్ధతే నడుస్తోంది. బ్రహ్మోత్సవాల్లో వాహనం మాడ వీధుల్లో తిరుగుతున్నప్పుడు దేవుణ్ణి చూసి చేతులు ఎలాగూ జోడిస్తాం, ఒక్కసారి కింద మోస్తున్న వాళ్ల భుజాల వైపు కూడా చూడండి. ఒకడు భుజం వదులు చేశాడంటే పక్కవాడి భుజానికి ఆ క్షణమే తెలుస్తుంది. దానికి ఈమెయిల్ అక్కర్లేదు, మంత్లీ రివ్యూ అక్కర్లేదు. లడ్డూలు తయారయ్యే పోటులోనూ అంతే. ఏ సరుకు ఎంత పడాలో దిట్టం ముందే చెబుతుంది. 5,100 లడ్డూలకు యాలకులు 4 కిలోలంటే నాలుగే. ఆ నాలుగు కిలోల మీద సంబంధిత శాఖలన్నిటి అభిప్రాయాలూ సేకరించి ఉంటే భక్తులు ఈపాటికి బూందీతోనే సరిపెట్టుకుని కొండ దిగేవారు.

ఇక ఆటలు. ట్రైనర్లందరికీ 1983 ప్రపంచకప్ ఫైనల్ అంటే ప్రాణం. 183కే ఆలౌటైన జట్టు వెస్టిండీస్‌ను 43 పరుగుల తేడాతో ఓడించింది కదా, 'నమ్మకం ఉంటే ఏదైనా సాధ్యం' అని స్లయిడ్ వేస్తారు. నమ్మకం ఎవరికి, దేని మీద అని మాత్రం చెప్పరు. ఆ రోజు రిచర్డ్స్ మదన్ లాల్ బౌలింగ్‌ను చితకబాదుతున్నాడు. కపిల్ అతణ్ణి పక్కన పెడదామనుకున్నాడు. మదన్ లాల్ ఇంకొక్క ఓవరు ఇవ్వమని అడిగాడు. కెప్టెన్‌కు పెద్దగా ఇష్టం లేకపోయినా ఇచ్చాడు. రిచర్డ్స్ బంతిని గాల్లోకి లేపాడు, కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నాడు. మన ఆఫీసు అయ్యుంటే? దెబ్బలు తిన్న బౌలరు నోరు తెరిచి ఇంకో ఓవరు అడగడమా! ముందు ఆ ఫోర్ల మీద సంజాయిషీ రాసివ్వమనేవారు.

ట్రైనర్లు ఆటల నుంచి తీసుకునేది వేరే. 2008-09 ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ సీజన్‌లో, మొదట్లో ఒకరి చేతిని ఒకరు ఎక్కువగా చరుచుకుని, భుజం తట్టుకున్న జట్లు తర్వాత బాగా ఆడాయని 2010లో ఒక పరిశోధన వచ్చింది. ఒకరి మీద ఒకరికి భరోసా ఉన్నవాళ్లే చేతులు చరుచుకుంటారేమో అని ఆలోచిస్తే టైమ్ వేస్టు. కాబట్టి రోజూ పదిగంటలకు అందరూ హైఫైవ్ ఇచ్చుకోవాలని సర్క్యులర్ వచ్చేసింది. ఇంక్రిమెంట్ రాని క్లర్కు, ఇవ్వని ఆఫీసరు ఎదురెదురుగా నిలబడి అరచేతులు తాకించుకునే ఆ దృశ్యం చూడాలంటే గుండె ధైర్యం కావాలి.

జబ్బు వేరే చోట ఉందని హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ ఎప్పుడో చెప్పారు. ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయం లేకుండా బయటికి చెప్పబట్టి. ఆ లెక్కన మా ఆఫీసు సున్నా తప్పుల ఆఫీసు. సలహాల పెట్టె కూడా ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి మీద ఫిర్యాదు రాయాలో ఆయన దగ్గరే భద్రంగా ఉంది.

ఇంత చదివాక నాకు తోచిన ఉపాయం తిరుపతిలోనే ఉంది. మే నెలలో గంగ జాతర వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకుని జనం వీధుల్లోకి వస్తారు. ఆ వేషంలో ఎవరు ఎవర్ని ఎంత మాటన్నా తప్పు పట్టరు. నోరు విప్పే భద్రత గురించి అమెరికాలో 1999లో పరిశోధన పత్రం రాశారు, మన గంగమ్మ తల్లి వీధిలో ఎన్నో తరాల నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి రిసార్టు ఖర్చు మానేసి, వార్షిక రివ్యూ మీటింగును జాతర వారంలో పెట్టాలని, సిబ్బంది అంతా ఒంటికి నామం కొమ్ము పూసుకుని, చేతిలో వేపరొట్ట పట్టుకుని హాజరు కావాలని సవినయంగా ప్రతిపాదించాను. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేసిందని, చివరికి దొర వేషంలో వెళ్లి మట్టుబెట్టిందని కథ కదా. ఎవరెవరికి ఏ వేషమో రాసి నోటీసు బోర్డులో పెడదామని అటెండరును పిలిచాను. అతను జాబితా పైనుంచి కిందికి చదివి, మేనేజరు గారి గది వైపు ఒక చూపు చూశాడు.

"పాలెగాడికి వేషమెందుకు సార్, అట్నే రమ్మనండి."