బీటు కట్టినవారి పేరు

హనుమాన్‌కైండ్ పాడిన ‘బిగ్ డాగ్స్’ 2024 జూలై 9న విడుదలైంది. వెనుక సినిమా లేదు, హీరో లేడు, ఆడియో వేడుక లేదు. ఉన్నదల్లా ఇంగ్లీషులో ఒక ర్యాప్ పాట, దానికొక వీడియో. ఆగస్టులో అది అమెరికాలో పాటల ఆదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కి, తరువాత 23వ స్థానం దాకా వెళ్లింది. భారతదేశం నుంచి వచ్చిన ర్యాప్ పాటకు అది చిన్న విజయం కాదు. అయితే ఆ విజయాన్ని మనం, అంటే అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లం, స్వీకరించిన తీరులో ఒక లోపం ఉందని నా అభిప్రాయం. పాట ఎవరిదన్న చర్చంతా పాడినవాడి పుట్టుపూర్వోత్తరాల చుట్టూనే తిరిగింది తప్ప, ఆ పాటకు బీటు, అంటే మాటల కింద నడిచే లయ, వాద్యాల అల్లిక, కట్టిన కల్మి హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే సంగీతకారుడన్న సంగతి మనలో చాలామంది దృష్టికి రానే లేదు.

హనుమాన్‌కైండ్ అసలు పేరు సూరజ్ చెరుకట్. పుట్టింది కేరళలోని మలప్పురం జిల్లాలో, పెరిగింది ఎక్కువగా టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో, ర్యాపర్‌గా నిలదొక్కుకున్నది బెంగళూరులో. పాట పాకినకొద్దీ అమెరికా శ్రోతలు కొందరు ఒక భారతీయుడు ఇలా ర్యాప్ చేస్తాడా అని ఆశ్చర్యపోయారు, కొందరు జాతిని కించపరిచే మాటలు కూడా రాశారు. మన వైపు వినిపించిన ఫిర్యాదు అందుకు తలకిందులుగా ఉంది: అతడి యాస మరీ అమెరికన్‌గా ఉందని, అరువు తెచ్చుకున్న గొంతులా ఉందని. హ్యూస్టన్‌లో పెరిగిన మనిషికి హ్యూస్టన్ యాస రాకపోతే కదా వింత! 1990లలో డీజే స్క్రూ అనే సంగీతకారుడు పాటల వేగాన్ని బాగా తగ్గించి టేపులు చేసింది ఆ ఊళ్లోనే. గెటో బాయ్స్ అనే బృందం అమెరికా దక్షిణాది ర్యాప్‌కు గౌరవం సంపాదించిపెట్టిందీ ఆ ఊరి నుంచే. హ్యూస్టన్ శివార్లలోని షుగర్‌ల్యాండ్‌లోనో కేటీలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడి బడులకే పంపుతున్న తెలుగు తల్లిదండ్రులు ఆ యాసను పరాయిదనడం నాకు అర్థం కాని విషయం.

ఇక బీటు సంగతి. ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్ హాప్‌లో అది పక్కవాద్యం కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, ఒక అపార్ట్‌మెంట్ భవనపు వినోదశాలలో చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్ ఏర్పాటు చేసిన పార్టీలో, రికార్డులు వేసి వినిపించే డీజే కూల్ హెర్క్ ఆ రికార్డుల్లోని డ్రమ్ముల భాగాలను పట్టుకుని సాగదీసి వినిపించాడని, హిప్ హాప్ అక్కడి నుంచే మొదలైందని చెప్పుకుంటారు. మైకు పట్టుకున్నవాడు మొదట్లో ఆ డీజేకి తోడుగా నిలబడి జనాన్ని హుషారుచేసేవాడే. ప్రధాన స్థానం అతడికి ఆ తరువాత దక్కింది. ‘బిగ్ డాగ్స్’ విన్నవారికి ఈ వరుస మళ్లీ గుర్తొస్తుంది. రాగం దాదాపు లేకుండా, బరువైన బేస్ మోతతో, మాటకు కావలసినంత చోటు వదిలి కట్టిన బీటు అది. పదాలు అర్థం కానివారికి కూడా మొదటి కొన్ని క్షణాల్లోనే పాట పట్టుబడిందంటే కారణం ఆ నిర్మాణమే.

పాట కూడా హనుమాన్‌కైండ్, కల్మి ఇద్దరి పేర్ల మీదే విడుదలైంది. ఈ గుర్తింపు ఎంత విలువైనదో తెలియాలంటే 2002కి వెళ్లాలి. ఆ ఏడాది అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ పాడిన ‘అడిక్టివ్’ హాట్ 100లో మొదటి పది పాటల్లోకి చేరింది. అందులో వెనుక వినిపించే గొంతు లతా మంగేష్కర్‌ది, ఆమె పాడిన ఒక హిందీ పాట ముక్కను అందులో వాడుకున్నారు, ఆ హిందీ పాటకు స్వరకర్త బప్పీ లహిరి. ఆయన పేరు మాత్రం ఆల్బమ్ మీద ఎక్కడా లేదు. ఆయన న్యాయస్థానానికి వెళితే, పేరు వేయకుండా ఆల్బమ్ అమ్మరాదని 2003లో లాస్ ఏంజెలెస్ న్యాయమూర్తి ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. భారతీయ సంగీతకారుడు తన పేరు కోసం కోర్టు మెట్లెక్కిన ఆ రోజు నుంచి, ర్యాపర్ పేరు పక్కనే బీటు కట్టినవాడి పేరు కూడా అమెరికా పట్టికల్లో అచ్చయిన రోజుకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. అంత దూరం వచ్చిన పేరును మనవాళ్లే చదవకుండా వదిలేశారన్నదే నా బాధ.

వీడియోకు దక్కిన ప్రశంసలు న్యాయమైనవే. బిజోయ్ షెట్టి దర్శకత్వంలో కేరళలోని పొన్నానిలో తీశారు. చెక్కబావి గోడల మీద కార్లు, మోటారు సైకిళ్లు గిర్రున తిరుగుతుంటే అడుగున నిలబడి హనుమాన్‌కైండ్ పాడతాడు. నాంపల్లి నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసినవారికి అది కొత్త కాకపోవచ్చు గానీ, అమెరికా కుర్రకారుకు అది కంప్యూటర్ మాయ కాదని నమ్మడమే కష్టమైంది.

2024 సెప్టెంబర్ 22న న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని నాసావు కొలీజియంలో ప్రధానమంత్రి మోదీ సభకు వచ్చిన ప్రవాసుల ముందు హనుమాన్‌కైండ్ పాడాడు. అదే వేదిక మీద మన దేవి శ్రీ ప్రసాద్ కూడా ఉన్నారు. ప్రధాని కళాకారులను ఆలింగనం చేసుకున్న దృశ్యం అన్ని ఛానళ్లలోనూ వచ్చింది. అంతకుముందు ఈ పాటను పెదవి విరిచి పక్కన పెట్టిన పెద్దలు కొందరు ఆ తరువాత దాన్ని గర్వకారణంగా చెప్పుకోసాగారు. పాటలో బూతులు ఉన్నాయి, పిల్లల ముందు పెట్టలేమన్న వారి అభ్యంతరం నాకు సమంజసంగానే తోస్తుంది. కానీ ఆ బూతులు సెప్టెంబర్‌కు ముందూ ఉన్నాయి, తరువాతా ఉన్నాయి. మారింది వేదిక మాత్రమే. 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా సంగీతోత్సవంలో అతడు కేరళ చెండ వాద్యకారులతో కలిసి ప్రదర్శన ఇచ్చినప్పుడు, ఇప్పుడు అసలైన భారతీయుడయ్యాడన్న మెప్పు వచ్చింది. చెండ మోత అద్భుతంగానే ఉంది, కానీ అది లేని పాటతో అతడు తక్కువ భారతీయుడైపోలేదు.

ఈ మతిమరుపు మనకు కొత్త కాదు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టి, శాస్త్రీయ నృత్యం నేర్చుకుని, ర్యాప్‌లోకి వచ్చిన రాజకుమారి, అంటే శ్వేతా యల్లాప్రగడ రావు, ఆస్ట్రేలియా ర్యాపర్ ఇగ్గీ అజీలియా ఆల్బమ్‌కు పాటలు రాసింది. ఆ ఆల్బమ్ గ్రామీకి నామినేట్ అయింది. అమెరికాలోని మన తెలుగు సంఘాల మహాసభల్లో సినిమా గాయకులకు దక్కే గంటల్లో, అలాంటి వారికి, వారి బాటలో నడవాలనుకునే మన పిల్లలకు, ఎన్ని నిమిషాలు దక్కుతున్నాయో కార్యవర్గాలే లెక్క చూసుకోవాలి.

ఈ విషయంలో మన సంఘాలు చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. యువతకు పెట్టే పాటల పోటీల్లో శాస్త్రీయం, లలితం, జానపదం, సినీగీతం విభాగాల సరసన సొంతంగా కట్టిన పాటకు కూడా ఒక విభాగం చేర్చవచ్చు. అది తెలుగులో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా, రెండూ కలిసి ఉన్నా అంగీకరించవచ్చు. భాషలో మర్యాద పాటించాలన్న నిబంధన పెట్టుకునే హక్కు సంఘానికి ఎలాగూ ఉంటుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బీటు కట్టే పిల్లలకు గొంతు ఉండాలన్న నియమం మాత్రం ఉండకూడదు. దరఖాస్తులో పాడినవారి పేరు కింద బీటు కట్టినవారి పేరుకు వేరే గడి ఉండాలి, బహుమతి ఇద్దరికీ సమానంగా పంచాలి.