చేదు మందు, బిగించిన పెదాలు
రుచి నచ్చకే పిల్లలు యాంటీబయాటిక్ సిరప్ ఉమ్మేస్తారని ఒక వ్యాసంలో చదివాను, నిజమే. మా చిన్నది అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే చెంచా కూడా నాకేది. క్లారిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి మారాక సీసా మూత చప్పుడుకే మంచం కిందికి దూరింది. చేదు తెలియకుండా ఆ మందు రేణువులకు పూత వేస్తారు. మింగకుండా నములుతూ కూర్చుంటే పూత పోయి అసలు చేదు బయటపడుతుంది. పుల్లటి పళ్లరసంలో కలిపితే ఇంకా ఘోరం (ఆ తెలివితక్కువ పని చేసింది నేనే!). చివరికి సూది లేని సిరంజితో బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా పోస్తే మింగింది. సగం ఉమ్మేసినప్పుడు మళ్లీ పొయ్యాలా వద్దా అని ఒకటే టెన్షన్. మందు రాసేటప్పుడే డాక్టర్లు రుచి సంగతి కూడా చెబితే, వేరేది పనికొస్తుందేమో అప్పుడే అడిగేవాళ్లం కదా.