వెన్నులోకి బూజు ఎక్కించిన మందుల కంపెనీ

మెదడు పొరలకి ఫంగస్ సోకిందంటే డాక్టర్లు ముందు అడిగేది హెచ్ఐవీ ఉందా, షుగర్ ఎంతుంది, కిడ్నీ ఏమైనా మార్పించుకున్నారా అని. అడగాల్సిందే, ఎక్కువగా అలాంటి వాళ్లకే వస్తుంది కాబట్టి. కానీ ఇమ్యూనిటీ నిక్షేపంగా ఉన్నవాళ్లకీ వస్తుంది. కెనడాలోని వాంకూవర్ దీవిలో 1999 నుంచి క్రిప్టోకాకస్ గాటీ అనే ఫంగస్ ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్లని కూడా పట్టుకుంది, అది చెట్ల మీదా మట్టిలోనూ ఉండి గాలితో లోపలికి పోయేది, దానికి ఎవర్ని తిడతాం? మేం ఇక్కడ మాట్లాడేది తిట్టాల్సిన కేసు గురించి.

2012 సెప్టెంబర్, అమెరికాలోని టెనెసీ రాష్ట్రం. వాండర్‌బిల్ట్ ఆస్పత్రిలో ఒక పేషెంట్‌కి మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, ఇమ్యూనిటీ ప్రాబ్లం ఏమీ లేదు, అయినా వెన్ను నీటిలో ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ కనిపించింది. డాక్టర్ ఏప్రిల్ పెటిట్‌కి అనుమానం వచ్చింది, ఆరా తీస్తే కొన్ని వారాల ముందు నడుం నొప్పికి వెన్నులో స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకున్నారని తేలింది, వెంటనే హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పారు. అక్కడి నుంచి తీగ లాగితే మసాచుసెట్స్‌లో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే ఫార్మసీ బయటపడింది. వాళ్లు పంపిన ఆ స్టెరాయిడ్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, 3 బ్యాచ్‌లు, 17 వేలకి పైగా వయల్స్, ఆ మందు అప్పటికే దాదాపు 14 వేల మంది ఒంట్లోకి వెళ్లిపోయింది. చివరికి లెక్క తేలింది 753 కేసులు, 64 చావులు. ఎక్కువ మందిలో దొరికింది ఎక్సెరోహిలం రోస్ట్రేటం, మామూలుగా గడ్డి జాతి మొక్కల మీద బతికే ఫంగస్, అంతకుముందు మనుషుల్లో అది కనిపించడమే అరుదు.

ముక్కుతో పీలిస్తే ఆరోగ్యవంతుడి ఒళ్లు దాన్ని తేలిగ్గానే అడ్డుకునేది, కానీ సూదితో నేరుగా వెన్ను పక్కన పెట్టేస్తే అడ్డుకునేదేముంది, పైగా స్టెరాయిడ్ అక్కడున్న కాస్త కాపలానీ పడుకోబెడుతుంది. మందులో ప్రిజర్వేటివ్ కూడా లేదు. తలనొప్పి మెల్లగా వారాల తర్వాత మొదలవుతుంది, కొందరికి ముందు స్ట్రోకే వచ్చింది. ఇక ట్రీట్‌మెంట్ అంటే నెలల తరబడి ఫంగస్‌ని చంపే మందులు, వొరికొనజోల్, కొందరికి ఆంఫోటెరిసిన్ కూడా, వాటి బాధ వేరే.

మాకు ఒళ్లు మండేది ఫంగస్ మీద కాదు. ఆ ఫార్మసీకి ఉన్న లైసెన్స్ ఒక్కో పేషెంట్ చీటీకి మందు కలిపి ఇవ్వడానికి, వాళ్లు చేసింది రాష్ట్రాలు దాటి టోకు వ్యాపారం. చీటీల మీద ఉత్తుత్తి పేర్లు, సినిమా వాళ్ల పేర్లు కూడా రాసేశారని కోర్టులో బయటపడింది. స్టెరిలైజ్ చేయాల్సినంత సేపు చేయలేదు, తనిఖీకి వెళ్లిన వాళ్లకి వయల్స్‌లో నల్లటి నలకలు కంటికే కనిపించాయి! అమెరికా కేంద్ర మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే వార్నింగ్ లెటర్ ఇచ్చింది, తర్వాత ఇది మా పని కాదంటూ ఎఫ్‌డీఏ వాళ్లూ రాష్ట్రం వాళ్లూ ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ఓనర్లలో ఒకడైన బారీ కాడెన్‌కి ముందు 9 ఏళ్లు జైలు, 2021లో దాన్ని పధ్నాలుగున్నర ఏళ్లకి పెంచారు. 2013లో కొత్త చట్టం తెచ్చారు గానీ, ఇలా టోకున కలిపే వాళ్లు ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టర్ అవ్వడం వాళ్ల ఇష్టానికే వదిలేశారు, ఇదేం చట్టమో మాకైతే అర్థం కాలేదు.

ఒక్క విషయంలో మాత్రం అక్కడి హెల్త్ అధికారుల్ని మెచ్చుకోవాలి, ఏ బ్యాచ్ ఏ క్లినిక్‌కి వెళ్లింది, ఎవరికి వేశారు అన్న లిస్ట్ దొరికింది కాబట్టి కొన్ని వారాల్లోనే దాదాపు అందరికీ కబురు వెళ్లింది, చాలామంది ట్రీట్‌మెంట్‌కి టైంకి చేరగలిగారు. మన దగ్గరా నడుం నొప్పికి, మోకాలి నొప్పికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు వేయించుకునే వాళ్లు తక్కువేం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల డ్రగ్ కంట్రోల్ అధికారులకి మేం అడిగేది ఒక్కటే, వెన్నులోకి, కీళ్లలోకి వేసే ప్రతి ఇంజక్షన్ బ్యాచ్ నంబర్ పేషెంట్ కేస్ షీట్‌లో, చేతికిచ్చే చీటీలో రాయడం తప్పనిసరి చేయండి, రాయని క్లినిక్‌కి నోటీసు ఇవ్వండి.