బ్యాటుకు చలి పెడతాందప్పా!

అనంతపురంలో చలికాలం మొదలైందని ముందుగా చెప్పేది కొబ్బరినూనె డబ్బా. 24 డిగ్రీల కిందికి దిగిందంటే నూనె గడ్డకడుతుంది. ఆ పొద్దున డబ్బా వేడినీళ్ల చెంబులోకి దిగుతుంది, ఇంటి పెద్దాయన తలకు మంకీ క్యాప్ ఎక్కుతుంది, షటిల్ ఆడే మనిషి కళ్లు మాత్రం బీరువా మీదికి పోతాయి. అక్కడ ఒంటి మీద నూలుపోగు లేకుండా నాలుగు వేల రూపాయల బ్యాటు పడుకొని ఉంటుంది. చూసినవాడి గుండె చెరువవుతుంది.

రాకెట్ అనే మాట ఇంగ్లీషు మీడియం పిల్లలకు వదిలేద్దాం. ఈ పక్క దాన్ని బ్యాటు అంటారు. దాని దారాన్ని గట్ అంటారు, దారం బిగించడాన్ని గట్టింగ్ అంటారు, ఎగిరేదాన్ని కాక్ అంటారు. వీటిలో దేనికి చలి పెడుతుంది, ఎంత పెడుతుంది అనేది రాయలసీమ ఇంతవరకూ తేల్చుకోని సమస్య. కరువు గురించి మాట్లాడాం. వేరుశనగ ధర గురించి మాట్లాడాం. హంద్రీ-నీవా నీళ్ల గురించి నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడాం. బ్యాటు చలి గురించి మాత్రం ఒక్క నాయకుడూ నోరు విప్పిన పాపాన పోలేదు.

ఆ లోటు తీర్చింది టొరంటో. సీమలో ఏ వీధికి పోయినా అమెరికాలోనో కెనడాలోనో కొడుకున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. జనవరిలో ఒక రాత్రి ఆ కొడుకు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: 'నాన్నా, బ్యాటు రాత్రిపూట కారులో వదలద్దు. చలికి గట్ తెగిపోతుంది.' కొడుకు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే అది టొరంటోలో నిజం.

అక్కడ గట్టి చలి రాత్రి సున్నాకు కింద 15, 20 డిగ్రీల దాకా పోతుంది. గట్ అంటే నైలాన్. సన్నటి పోగులు వందలకొద్దీ కలిపి, పైన పూత వేసి, 0.70 మిల్లీమీటర్లో అంతకన్నా కాస్త తక్కువో లావున చేసిన దారం. సాగడం, తిరిగి వెనక్కి రావడం, ఈ రెండే దాని ఉద్యోగం. గడ్డకట్టే చలిలో నైలాన్ బిర్రబిగుస్తుంది, సాగుడు తగ్గుతుంది. 26 పౌండ్ల లాగుడు మీదున్న అలాంటి దారాన్ని కారులోంచి తీసీ తీయగానే స్మాష్‌కు, అంటే పైనుంచి కిందికి బలమంతా పెట్టి కొట్టే దెబ్బకు, వాడితే అది రాజీనామా ఇస్తుంది. ఫ్రేమ్ రంధ్రాల్లో ఉండే ప్లాస్టిక్ గ్రామెట్లు కూడా పెళుసుబారతాయి. ఒకటి పగిలితే చాలు, దాని అంచు బ్లేడులా గట్‌ను కోస్తుంది. పైగా చలి బ్యాటును వెచ్చటి హాల్లోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా మాదిరి చెమ్మ పడుతుంది. పిడి లోపల ఉండేది కట్టె కాబట్టి గ్రిప్ కింద ఆ చెమ్మ నిలిస్తే మంచిది కాదు. అందుకే అక్కడివాళ్లు బ్యాటును ఇంట్లో పెడతారు. హాలుకు పోయాక ఇరవై నిమిషాలు సంచిలోనే ఉంచి, తర్వాత తీసి పొడి గుడ్డతో తుడుస్తారు. మొదటి పది నిమిషాలు చిన్న దెబ్బలే ఆడతారు. హీటర్ మీద పెట్టి కాచరు. చలికాలంలో గట్టింగ్ ఒకటి రెండు పౌండ్లు తగ్గించి చేయించుకుంటారు.

ఇదంతా అనంతపురంలో నాయన శ్రద్ధగా చదివాడు. చదివి, అటక మీది కంబళి దించాడు.

ఇక్కడ జనవరి తెల్లవారుజామున ఉండేది 15, 17 డిగ్రీలు. మే నెలలో ఏసీ 18లో పెట్టుకొని పడుకునే ఇంట్లో అదే బ్యాటు, అదే బీరువా మీద, దాదాపు అదే చలిలో పడుంటుంది. అప్పుడు ఎవరికీ కంబళి గుర్తుకు రాదు. కరెంటు బిల్లు కట్టి తెచ్చుకున్న చలి కాబట్టి అది సుఖం. దేవుడు ఊరికే ఇచ్చిన చలి కాబట్టి ఇది విపత్తు. చలికి ఫ్రేమ్ కుంచించుకుపోతుందని బెంగపడే వారి కోసం ఒక లెక్క: బ్యాటంత పొడవు, అంటే 675 మి.మీ. అల్యూమినియం కడ్డీ 30 డిగ్రీల నుంచి 15కు చల్లబడితే తగ్గేది పావు మిల్లీమీటరు లోపే. కార్బన్ ఫ్రేమ్ అయితే అంత కూడా కదలదు. 2001 మార్చిలో గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ షటిల్ టోర్నీ గెలిచాడు. అక్కడి మార్చి మన డిసెంబరు కన్నా చాలా చల్లన. ఆయన సంచిలో కంబళి ఉన్నట్టు ఎక్కడా దాఖలా లేదు.

కంబళి గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మీద మనకున్న భక్తి అలాంటిది. కురుబలు నేసిన అసలు గొర్రెబొచ్చు కంబళి అయినా సరే, తనంతట తాను వేడి పుట్టించదు. లోపల వేడి పుట్టించే ఒళ్లుంటే ఆ వేడిని బయటికి పోనివ్వదు, అంతే. బ్యాటుకు ఒళ్లు లేదు, నెత్తురు అంతకన్నా లేదు. రాత్రంతా కప్పుకొని పడుకున్నా పొద్దునకు గది ఎంత చల్లగా ఉంటే అదీ అంతే చల్లగా లేస్తుంది, ఓ గంట ఆలస్యంగా. లోపల వెండిరేకు అతికించిన థర్మల్ సంచీ చేసేదీ ఇదే: వేడీ చలీ లోపలికి చేరడాన్ని కాస్త వాయిదా వేస్తుంది, ఆపదు. వాయిదా వేసే పనికి రెండు మూడు వేలు పోస్తున్నాం. 'కంబడి యాడ పెట్టినావురా?' అని అవ్వ వణుకుతూ అడిగినప్పుడు 'బ్యాటుకు కప్పినామవ్వా' అని చెప్పే ధైర్యం మాత్రం ఏ మనవడికీ ఉండదు.

కంబళితో ఆగినవారు ధన్యులు. భోగి మంట దగ్గరికి బ్యాటును తీసుకుపోయేవారి సంగతి వేరు. కార్బన్ ఫ్రేమ్ అంటే కార్బన్ నారను ఎపాక్సీ బంకతో పోతపోసినది. మంట సెగకు ముందు పెయింటు పొక్కులెత్తుతుంది, తర్వాత బంక మెత్తబడుతుంది. లోపల 24 పౌండ్ల లాగుడుతో గట్ కాచుకొని కూర్చుంది కదా, అది సందు చూసి ఫ్రేమ్‌ను తనవైపు గుంజుకుంటుంది. ఆట నిబంధనల ప్రకారం గట్ ఉన్న భాగం 280 మి.మీ. పొడవు, 220 మి.మీ. వెడల్పు దాటరాదు. భోగి సెగ తగిలిన బ్యాటుకు ఈ నిబంధన చదివి వినిపించినా అది తిరిగి కోడిగుడ్డు ఆకారానికి రాదు. హెయిర్ డ్రయ్యరూ అంతే. ఇస్త్రీపెట్టె సంగతి ఎత్తకపోవడమే మంచిది.

సరే, చలికాలం పొద్దున ఆట మారదా? మారుతుంది. ఐదున్నరకు, సిమెంటు నేల మీద సున్నంతో గీసిన కోర్టులో, వేపచెట్టుకు ఒక కొస కరెంటు స్తంభానికి ఒక కొస కట్టిన నెట్‌కు అటూ ఇటూ నలుగురు చేరతారు.

'ఏమప్పా, కాక్ వెనక గీత దాకా పోలేదే?'

'బ్యాటు చలికి బిగుసుకపోయిందిలే అన్నా.'

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మరీ పాతబడింది. ఇప్పుడు ఆడలేక బ్యాటుకు జలుబు. నిజానికి తప్పు గాలిది. 40 డిగ్రీల గాలి కన్నా 15 డిగ్రీల గాలి 8, 9 శాతం చిక్కన. ఐదు గ్రాముల కాక్‌కు ఆ చిక్కదనమే బురద. అందుకే అదే దెబ్బకు మేలో గీత దాటిన కాక్ జనవరిలో ముందే కూలబడుతుంది. బాగుచేసుకోవలసింది బ్యాటును కాదు, కాక్ నంబరును. ఈకల కాక్ డబ్బా మీద 75 నుంచి 79 దాకా నంబర్లుంటాయి. 75 నెమ్మది, 79 వేగం. ఒక్కో నంబరుకు దాదాపు 30 సెంటీమీటర్ల తేడా. మన ఎండాకాలానికి 75, 76, చలికాలం పొద్దుటికి 77 సరిపోతాయి. అనుమానముంటే పరీక్ష ఉంది: వెనక గీత బయట నిలబడి, కింది నుంచి పైకి, పూర్తి బలంతో, పక్క గీతకు సమాంతరంగా కొట్టాలి. అవతలి వెనక గీతకు 530 నుంచి 990 మి.మీ. ఇవతల పడితే ఆ పూటకు అదే సరైన కాక్. ఈ పరీక్షకు ఒక నిమిషం పడుతుంది. బ్యాటును తిట్టడానికి గంట పడుతుంది. మనవాళ్లు ఎప్పుడూ గంటనే ఎంచుకుంటారు.

నైలాన్ కాక్ ఆడేవారికి పని ఇంకా తేలిక. యోనెక్స్ కంపెనీ మావిస్ రకం కాక్ బిరడా చుట్టూ రంగు పట్టీ ఉంటుంది. ఆకుపచ్చ 22 నుంచి 33 డిగ్రీలకు, నీలం 12 నుంచి 23కు, ఎరుపు సున్నా నుంచి 13కు. ఎర్రపట్టీకి మన జిల్లాల్లో పుట్టి బుద్ధెరిగి పని తగల్లేదు. సంక్రాంతి పొద్దున నీలం, తక్కిన కాలమంతా ఆకుపచ్చ. ఆకుపచ్చ పైహద్దు 33 డిగ్రీలని మళ్లీ ఒకసారి చూడండి. ఏప్రిల్ కర్నూలు ఆ పట్టికలో లేనే లేదు.

ఈకల కాక్‌కు అసలు శత్రువు ఎండిపోయిన గాలి. ఈకలో తడి తగ్గితే రెండు దెబ్బలకే విరుగుతుంది. మరిగే నీళ్ల ఆవిరికి డబ్బా రెండు మూతలూ తీసి, ఒక్కో వైపు నాలుగైదు సెకన్లు పట్టి, మూతలు బిగించి రాత్రంతా నిలబెడితే చాలు. ఎక్కువసేపు పడితే ఈకలు తడిసి బరువెక్కి కాక్ రాయిలా పోతుంది. చలికాలం కన్నా ఫిబ్రవరి తర్వాతే ఇది ఎక్కువ అవసరం. కానీ ఫిబ్రవరి తర్వాత మనవాళ్లు జాగ్రత్తలు మానేస్తారు.

ఇక గట్ తెగడం. జనవరిలో తెగిన ప్రతి గట్ మరణానికీ కారణం చలేనని ఊరంతా ముందే తీర్పిచ్చేసింది. శవపరీక్ష మాత్రం ఎవరూ చేయరు. తెగిన కొస పట్టుకొని చూస్తే చాలు. నడిమధ్యలో తెగి, దారం మీద రంపంతో కోసినట్టు గాడులుంటే అది అరుగుదల, నిలువు దారాలూ అడ్డ దారాలూ నెలల తరబడి ఒకదాన్నొకటి రాసుకున్న ఫలితం. పైఅంచున, ఫ్రేమ్‌కు ఆనుకొని తెగితే కాక్ సరైన చోట తగల్లేదని అర్థం. గ్రామెట్ మూతి దగ్గర తెగితే గ్రామెట్ పగిలిందేమో చూడాలి. స్మాష్ బలానికే తెగిందనే వాదన కూడా వినబడుతూ ఉంటుంది. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కాడు. మన కాలనీ అన్న స్మాష్‌కు అవతలివాళ్లు భుజం గోక్కొని మరీ తిరిగి కొడుతున్నారు కాబట్టి ఆ వాదన నిలబడదు. వారానికి ఎన్ని రోజులు ఆడతామో ఏడాదికి అన్నిసార్లు గట్టింగ్ చేయించాలని ఆటగాళ్ల లెక్క. వారానికి నాలుగు రోజులు ఆడుతూ, మూడేళ్లనాటి గట్ తెగితే 'చలి ఎక్కువైందన్నా' అనేవారికి ఏ లెక్కా పనిచేయదు.

తెగిన తర్వాత చేసే తప్పు ఇంకా పెద్దది. బ్యాటును అట్లాగే సంచిలో దోపి వారం తర్వాత షాపుకు తీసుకుపోతారు. ఒక దారం పోగానే మిగతా దారాల లాగుడు ఒకవైపుకు మళ్లి ఫ్రేమ్‌ను వంకర గుంజుతుంది. తెగిన ఐదు నిమిషాల్లోపే, నడిమి నుంచి మొదలుపెట్టి, ఒక నిలువు ఒక అడ్డం చొప్పున అంచులవైపు అన్నీ కత్తిరించేయాలి. గోళ్లు తీసే కట్టర్ చాలు. ఒక పక్క నుంచి వరసగా కోసుకుపోకూడదు, దానివల్లా వంకరే. కంబళి కప్పడం కన్నా పది రెట్లు మేలు చేసే పని ఇది, ఖర్చు సున్నా. అందుకే ఎవరూ చేయరు.

చలి నిజంగా పట్టేది ఎవరికో ఆ కోర్టులోనే చూడవచ్చు. బ్యాటుకు థర్మల్ కవరు, కవరుకు జిప్పు, జిప్పుకు తాళం. నలభై ఎనిమిదేళ్ల యజమాని మాత్రం స్కూటర్ దిగి, చెప్పులు విడిచి, బూట్లు తొడిగి, నేరుగా ఎగిరి స్మాష్‌కు పోతాడు. మడమ వెనకుండే లావు స్నాయువు చల్లగా, బిగుసుకొని ఉంటుంది. అది తెగితే వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుందట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. దీనికి గట్టింగ్ చేసే షాపు లేదు, నెలల తరబడి కట్టు ఉంది. పది నిమిషాలు కోర్టు చుట్టూ నడక, పరుగు, పిక్కలు సాగదీయడం, ఆ తర్వాత నెట్ దగ్గర చిన్న ఆట. టొరంటోలో బ్యాటుకు చేసే మర్యాద ఇదే కదా, ఇక్కడ కాళ్లకు చేయవచ్చు. సిమెంటు మీద మంచు తడి ఉంటే గోనెపట్టాతో తుడిచి మొదలుపెట్టవచ్చు. చెబితే, 'మనం చిన్నప్పటి నుంచి ఆడతాండామప్పా, మనకేమైతాది' అంటారు. చిన్నప్పటి నుంచి ఆడుతున్నది మనిషేగానీ బ్యాటు కాదు. దాన్ని కొన్నది నిరుడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. కంబళి అటకెక్కుతుంది. బ్యాటుకు ముప్పు తప్పిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఏప్రిల్‌లో ఆట ముగించుకొని, బ్యాటును కారు డిక్కీలో స్టెప్నీ పక్కన పడేసి ఆఫీసుకు పోతారు. బయట 42 ఉంటే అద్దాలెత్తిన కారు లోపల 60 దాటుతుంది. థర్మల్ సంచీ తన అలవాటు ప్రకారం ఓ గంట వాయిదా వేసి, తర్వాత చేతులెత్తేస్తుంది. కొత్త గట్ ఎవరూ ఆడకుండానే మొదటి ఒకటి రెండు రోజుల్లో పది శాతం దాకా సడలుతుంది, ఈ సెగకు ఆ సడలుడు ఇంకా తొందరవుతుంది. గ్రిప్ జిగురు కరిగి పట్టుకుంటే చేతికి బెల్లప్పాకంలా అంటుకుంటుంది. పక్కనున్న డబ్బాలో ఈకలు ఎండు వేరుశనగ పొట్టులా గలగలమంటాయి.

సాయంత్రం టొరంటో నుంచి ఫోన్ వస్తుంది.

'నాన్నా, బ్యాటు జాగ్రత్తగా పెట్టుకున్నావు కదా?'

'నీకా భయమేం వద్దు నాయనా, డిక్కీలో వెచ్చగా పడుకోనుంది.'