గుండెపోటు వచ్చినోడు ముందుగాల ఏం అడగాలె?

2025 సెప్టెంబర్ 22 నుంచి మనం సొంతంగ తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేసిన్రు కదా, అప్పటిసంది మా ఏజెంట్ బామ్మర్దికి పండుగే. "బావా, రూం రెంట్ లిమిట్ ఎత్తేసే రైడర్ గూడ ఉన్నది, కొద్దిగ ప్రీమియం ఎక్కువ" అంటడు. రైడర్ అంటే పాలసీకి పైసలు కట్టి తగిలించుకునే తోక. అంటే ముందు బీమా కంపెనోళ్లే గుంత తవ్వుతరు, తర్వాత వాళ్లే నిచ్చెన అమ్ముతరు.

తెల్వనోళ్లు ఎవరన్నా మిగిలి ఉంటే వాళ్ల కోసం: శానా పాలసీలల్ల రోజుకు రూం కిరాయి బీమా మొత్తంల 1 శాతమే. 3 లక్షల పాలసీకి 3 వేలు. 6 వేల రూంల పండుకుంటే పైన 3 వేలే కదా మనం కట్టేది అనుకుంటం. తప్పు. రూం లిమిట్‌కు రెట్టింపు అయింది కాబట్టి, అదే లెక్కన డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు గూడ సగానికి కోస్తరు, మిగతాది మన జేబుల నుంచే. మందులకు, స్టెంట్లకు, ఐసీయూకు ఈ కోత పెట్టొద్దని బీమా కంపెనీల మీద పెత్తనం చేసే సర్కారు సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది, వాళ్లకో దండం.

కాబట్టి బాధ్యత గల పాలసీదారు ఏం చెయ్యాలంటే, కాజీపేటల రాత్రి రెండింటికి ఛాతిల నొప్పి లేస్తే 108 ఎక్కాలె, హన్మకొండల ఆసుపత్రి ముందట స్ట్రెచర్ దించంగనే చెమటలు తుడుసుకుంట అడగాలె: "అమ్మా, రూంల రేట్ల కార్డు చూపెట్టు."

"సింగిల్ ఏసీ 6 వేలు సార్."

"టీవీ తీసేస్తే? కిటికీ నాకెందుకు, దానికెంత తగ్గిస్తరు?"

"సార్, ఈసీజీ తియ్యాలె."

"ఆగమ్మా, గుండె యాడికి పోతది, 3 వేల రూం ఉన్నదా లేదా?"

పక్కన పెండ్లాం ఫోన్ల క్యాలిక్యులేటర్ తెరిచి నిలబడాలె, కొడుకు పాలసీల కండిషన్ల పేజీ వేలు పెట్టి పట్టుకోవాలె, ఇద్దరికీ చీమ తలకాయంత అక్షరాల ఇంగ్లిష్ సదువొచ్చి ఉండాలె. లెక్క కుదిరినంకనే స్పృహ తప్పొచ్చు.

నవ్వుతున్నరా? మా మేనమామకు నిరుడు గిదే అయింది. జనరల్ వార్డుల బెడ్ లేదని ఆసుపత్రోళ్లే ఏసీ రూంల ఏసిన్రు, ఆయన అడిగిందా పెట్టిందా. రూం పెద్దదైతే సర్జన్ ఫీజు గూడ పెంచుతరు ఆసుపత్రోళ్లు, అది సాకు పెట్టి కోస్తరు బీమా కంపెనోళ్లు, ఇద్దరికిద్దరే. కోసింది ఒకటే డాక్టర్, ఒకటే బల్ల, ఒకటే కత్తి, మరి మూడు రోజులు ఏసీ గాలి పీల్చినందుకు ఆపరేషన్ పైసలు సగం ఎట్ల ఎగ్గొడ్తర్రా? ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన పైసలు అన్నీ డిస్చార్జ్ కౌంటర్లనే కట్టొచ్చిన్రు. ప్రీమియం ఒక్క రోజు లేటయితే తెలుగుల మెసేజ్‌లు కొట్టనీకి వస్తది గానీ, పాలసీ అమ్మిన్నాడు ఈ ఒక్క ముక్క తెలుగుల చెప్పనీకి మీ నోటికి ఏమడ్డమొచ్చింది?