బెజవాడ గృహస్థుకి ఇన్‌షోర్ రాడ్డు ఎందుకు తప్పనిసరి

బెజవాడకు సముద్రం లేదు. బందరు వెళ్లాలంటే 70 కిలోమీటర్లు, సూర్యలంక అయితే ఇంకా ఎక్కువ. దీన్ని లోపంగా చూసేవాళ్లకు లోతు తెలియదు. సముద్రం వాకిట్లో ఉన్నవాడు చేతికందిన కర్రతో నాలుగు చేపలు పట్టుకుని, పులుసు తిని పడుకుంటాడు. గాలం వేసే రాడ్డు గురించి ఆలోచించే తీరిక వాడికెక్కడిది? తీరానికి ఇంత దూరంలో, రాత్రి భోజనమయ్యాక ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని ఆలోచించగలిగిన మనకే ఆ అర్హత ఉంది. మేలురకం కాస్టింగ్ రాడ్డు ఎంచుకునే బాధ్యత ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల మధ్యతరగతి మీద పడిందని మూడేళ్లుగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గాలం కర్రల్లో రెండు శాఖలున్నాయి. రీలు, అంటే దారం చుట్టే చక్రం, కర్ర కింద వేలాడితే స్పిన్నింగ్. రీలు కర్ర మీద దర్జాగా కూర్చుని, వేలికి పట్టు దొరకడానికి కింద తుపాకీ మీట లాంటి కొక్కెం ఉంటే కాస్టింగ్. మొదటిదాంతో చిన్నపిల్లలు కూడా విసిరేస్తారు. కాబట్టి దాని గురించి ఇక్కడ మాట్లాడను.

ఇన్‌షోర్ అంటే నడిసముద్రం కాదు. ఒడ్డు, ఉప్పుటేర్లు, మడ చెట్ల మధ్య పాయలు, నది సముద్రంలో కలిసే చోటు. దానికి ఏడడుగుల కర్ర, మీడియం లేదా మీడియం హెవీ పవర్ (కర్ర ఎంత గట్టిదన్న లెక్క), ఫాస్ట్ యాక్షన్, 7 నుంచి 21 గ్రాముల ఎరలు విసిరే సత్తా ఉంటే చాలంటారు పెద్దలు. ఫాస్ట్ యాక్షన్ అంటే వేగంగా విసరడమేమో అనుకుని మొదటి నెలంతా భుజానికి జండూబామ్ రాసుకున్నాను. కాదు. బరువు పడ్డప్పుడు కర్ర ఎక్కడ వంగుతుందన్నదే యాక్షన్. కొస దగ్గర మాత్రమే వంగితే ఫాస్ట్, సగం దాకా వంగితే మోడరేట్, చేతిపిడి దాకా వంగిపోతే స్లో. మా ఆఫీసులో మేనేజరు ఎదురైతే తల మాత్రం వంచేవాళ్లు ఫాస్ట్, నడుం దాకా వంచేవాళ్లు మోడరేట్. నేను స్లో.

ఇక కార్బన్ సంగతి. టోరే అనే జపాను కంపెనీ కార్బన్ పోగు బోయింగ్ 787 విమానంలోనూ ఉంటుంది, పేరున్న గాలం కర్రల్లోనూ ఉంటుంది. మాడ్యులస్, అంటే పోగు బిగువు కొలత, పెరిగేకొద్దీ కర్ర బిగువెక్కుతుంది, బరువు తగ్గుతుంది, చేప మూతి పెట్టినా అరచేతికి తెలుస్తుంది. కానీ ఏ కారు తలుపుకో తగిలితే పుటుక్కున విరుగుతుంది. మా పెద్ద బావగారూ అంతే. ఎంత బరువైనా మోస్తారు, చిన్నమాట మాత్రం పడరు. దారం జారే రింగులు ఫూజీ వాళ్లవి అయితే మంచిది. వాటిలో మేలురకానికి చట్రం టైటానియం, లోపల సిలికాన్ కార్బైడ్. చవక రింగుల్ని అల్లిక దారం కోసి గాడి పెడుతుంది, తర్వాత ఆ గాడి దారాన్ని కోస్తుంది. టైటానియం ఉప్పుగాలికి తుప్పు పట్టదు. మా సత్యనారాయణపురంలో ఉప్పుగాలి లేని మాట నిజమే, అయినా జాగ్రత్త మంచిదే కదా.

ఒకప్పుడు ఇంగ్లండు, అమెరికా దొరలు మురిసిపోయిన ఖరీదైన కర్రలు వెదురువే. దక్షిణ చైనాలో పెరిగే ఒక రకం వెదురుని ఆరు పేడులుగా చీల్చి, అతికించి చేసేవారు. వెదురు అన్న మాట మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఎత్తకండి. ఊళ్లో మామయ్యగారి దొడ్డి నిండా అదే ఉంది.

గుంటూరు యార్డులో మిర్చి కొనేవాడు కాయ విరిచి చూస్తాడు, చెవి దగ్గర గలగలలాడిస్తాడు, రంగు చూస్తాడు. రాడ్డు కొనేవాడికి ఆ భాగ్యం లేదు. ఫొటో చూసి డబ్బు కట్టాలి. ఏడాదిన్నర చూశాను. కొనాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరిగింది. చివరికి ఐదారు వందల డాలర్ల జాతిలోంచి ఒకదాన్ని తెప్పించాను. ఏడడుగుల గుండ్రటి పొట్లం లిఫ్టులో పట్టలేదు. వాచ్‌మన్ నాలుగంతస్తులు మోసుకొచ్చి, "ప్లంబరు రేపొస్తాడా సార్?" అన్నాడు.

"ఎంతండీ ఇది?" అంది మా ఆవిడ.

"నాలుగు వేలు."

అందులో ఒక సున్నా తగ్గిన మాట పాఠకులు గ్రహించే ఉంటారు. ఆవిడ గ్రహించలేదు. "అంతేనా? అయితే మా తమ్ముడికీ ఒకటి తెప్పించండి, వాడు మీకు డబ్బులిచ్చేస్తాడు" అంది. పటమటలో ఉండే మా బావమరిదికి ఆ విధంగా, నిజంగానే నాలుగు వేల ఖరీదు చేసే స్పిన్నింగ్ రాడ్డు వచ్చింది. కొత్తవాడు కదా, అదే వాడికి నప్పుతుందని శాస్త్రోక్తంగా వివరించాను.

సాధన డాబా మీద చేయకూడదు. కార్బన్ కరెంటుని చక్కగా మోస్తుంది. తీగల కింద దాన్ని ఊపితే రాడ్డుతోపాటు మనమూ పోతాం. కాబట్టి సెల్లార్లో, రాత్రి పదిన్నర దాటాక, ఎరుపు బకెట్టుకి గురిపెట్టి. కాస్టింగ్ రీలుతో విసిరినప్పుడు, దారం చుట్టి ఉండే స్పూలు తిరుగుతూనే ఉంటుంది. ఎర నీళ్లలో పడే లిప్తలో బొటనవేలితో దాన్ని ఆపాలి. లేదంటే ఎర ఆగిపోయినా స్పూలు ఆగదు, దారం పొంగి పిచ్చుకగూడవుతుంది. మొదటి రాత్రి పదకొండు గూళ్లు కట్టాను. పదకొండోది విప్పుతుంటే రెండో అంతస్తు పిన్నిగారు వచ్చి కూర్చుని, మల్లెపూలు కట్టే చేతులతో ఐదు నిమిషాల్లో విప్పేసి, "ఇది ఉద్యోగమా నాయనా?" అని వెళ్లిపోయారు.

నా రాడ్డు లక్ష్యం పండుగప్ప. తక్కువది కాదు. మగగా పుట్టి, కొన్నేళ్లకు ఆడగా మారే చేప. జీవితంలో అంత పెద్ద నిర్ణయం తీసుకున్నదాన్ని పట్టడానికి చవక కర్రతో వెళ్లడం అమర్యాద. పైగా దాని మొప్ప అంచుకి దారం తెగుతుంది. నది సముద్రంలో కలిసే హంసలదీవి వైపు అది తిరుగుతుంటుందని విని ఒకసారి వెళ్లాను. పొద్దుటి నుంచి మూడింటి దాకా విసిరాను. విసురువల వేసుకునే ఒకతను చాలాసేపు చూసి, "దీనికి చార్జింగ్ ఎక్కడ పెడతారండీ?" అన్నాడు. ఇలాంటి వ్యాసాల్లో ఈపాటికి వెదురు కర్ర, ఎర్రలు పట్టుకుని ఒక తాత వచ్చి, గంపెడు చేపలు పట్టి మన కళ్లు తెరిపించాలి. తాత నిజంగానే వచ్చాడు. ఆయనకీ ఏం పడలేదు. ఇద్దరం టీ తాగాం.

వేట నిషేధం విషయంలో నేను చాలా కచ్చితం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. నాకు మరపడవ లేకపోయినా ఆ 61 రోజులూ నిష్ఠగా పాటిస్తాను. మిగతా 304 రోజులు కూడా. ఉప్పునీళ్లు తగిలిన రాడ్డుని మంచినీళ్లతో కడగాలన్నారు కాబట్టి ఆదివారం ఆదివారం కడిగి, తుడిచి, బీరువా వెనక నిలబెడతాను.

ఇలా ప్రశాంతంగా సాగుతుండగా పోయిన ఆదివారం బావమరిది ఫొటో పంపాడు. చేతిలో నాలుగు వేల స్పిన్నింగ్ రాడ్డు, పక్కన మూడు కిలోలకు తగ్గని పండుగప్ప, వెనక నీలంగా సముద్రం. "సూర్యలంక, బావా! రెండో విసురుకే." మా ఆవిడ ఆ ఫొటో వీధి వీధంతా పంపింది. వారం పాటు నిద్ర లేదు. ఫొటోని పెద్దది చేసి రీలు చూశాను, దారం చూశాను, వాడి మొహం చూశాను. సముద్రాన్ని మాత్రం చూడలేదు.

ఈ ఆదివారం పొద్దున్నే రాడ్డుని దుప్పట్లో చుట్టుకుని చేపల మార్కెట్టుకి వెళ్లాను. పరువు కోసం మనిషి చేసే పనుల్లో ఇది మరీ చెడ్డదేం కాదు. మొప్పలెత్తి, ఎర్రగా ఉందో లేదో చూసి మంచి పండుగప్పని ఎంచుకున్నాను. తూకం అయ్యాక దుప్పటి విప్పబోతుంటే అమ్మే ఆవిడ చేపని పీట మీంచి తీసి, తోక కింద చెయ్యి పెట్టి, అలవాటుగా ఒకవైపు నిలబెట్టింది.

"ఫొటో అయ్యాకే పొలుసు తియ్యమంటారా?"

ఆవిడ వెనక, రెండు కొట్ల మధ్య, కొత్త టార్పాలిన్ కట్టి ఉంది. నీలంది. గాలికి చిన్నగా అలలు పోతోంది.

ఈ సంగతి వెంటనే మా ఆవిడకి చెప్పేద్దామని ఫోను తీశాను. తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. చెబితే, పొద్దున్నే రాడ్డు పట్టుకుని చేపల మార్కెట్లో నాకేం పనో కూడా చెప్పాలి.