మన సావనీర్లలో 'గ్యారంటీ మందుల' ప్రకటనలు వద్దు

మహాసభల సావనీరుకు ప్రకటనలు సేకరించడం ఎంత కష్టమో తెలుసు. ఆ డబ్బు లేనిదే సంచిక అచ్చు కాదన్నదీ నిజమే. అయినా "షుగర్ శాశ్వతంగా నయం, ఇన్సులిన్ అక్కర్లేదు" అని హామీ ఇచ్చే ప్రకటనను, ఎంత సొమ్ము ఇస్తామన్నా సరే, అమెరికాలోని మన తెలుగు సంఘాలు వెనక్కి పంపాలని నా గట్టి అభిప్రాయం.

భారతదేశంలో 1954 నుంచి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. మధుమేహం, కేన్సర్, రక్తపోటు, పక్షవాతం, మూర్ఛ, బొల్లి సహా 54 జబ్బుల జాబితాను దానికి జోడించి, వాటిని నయం చేస్తుందంటూ ఏ మందుకూ ప్రకటన ఇవ్వరాదని నిషేధించారు. తాయెత్తులు, మంత్రాలు, కవచాలకూ ఇదే నిషేధం వర్తిస్తుంది. మనవాళ్లలో చాలామంది గమనించని సంగతి మరొకటుంది. భారతదేశంలో నివసించే వ్యక్తి తన ప్రకటనను దేశం వెలుపల ప్రచురింపజేసినా ఆ చట్టం దృష్టిలో ప్రచురణలో పాలుపంచుకున్నట్టే. అంటే విజయవాడ వ్యాపారి డాలస్ పత్రికలో వేయించుకున్న ప్రకటన కూడా ఆ పరిధిలోకి వస్తుంది. పైగా అలాంటి ప్రకటన ఉన్న ప్రతిని భారతదేశానికి పంపడాన్ని సైతం అదే చట్టం అడ్డుకుంటుంది. మనమేమో సావనీర్లను ఊళ్లో ఉన్న పెద్దలకు ప్రేమగా పంపుతుంటాం.

ఇక్కడి అమెరికా చట్టమూ అంత ఉదారమైనదేమీ కాదు. 1994 నాటి చట్టం ప్రకారం ఆహార అనుబంధాలు (సప్లిమెంట్లు) అమ్మేవారు ఒంటికి మేలు చేస్తుందన్నంతవరకు చెప్పుకోవచ్చు గానీ, జబ్బు నయం చేస్తుందన్న మరుక్షణం ఆ సరుకు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందవలసిన మందు అవుతుంది.

ఇదంతా ఆయుర్వేదం మీద కక్ష అనే పెద్దలున్నారు. వారి బాధను అర్థం చేసుకోగలను, కానీ ఒప్పుకోలేను. 1954 చట్టం ఇంగ్లీషు మందుకూ నాటు మందుకూ తేడా చూపలేదు. జలుబుకు శొంఠి కషాయం తాగవద్దని ఎవరికీ చెప్పలేదు. 2021లో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మూలికల కరోనా మందుకు, కంటి చుక్కలు మినహా, అనుమతి ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా, వాడుతున్న మందులు మానవద్దని అదే నోట చెప్పింది. మూలికల నాణ్యతపై బెంగ కూడా ఊరకే పుట్టింది కాదు: బోస్టన్ ప్రాంతపు దేశీ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2004లో వెలువరించిన పరిశోధనలో 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడ్డాయి.

నాకు అన్నింటికన్నా భయం కలిగించేది, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల సంగతి. అటువంటి బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే, రక్తం ఆమ్లపూరితమై ప్రాణం మీదికి వస్తుంది. సంఘం పత్రికలో వచ్చిందంటే సంఘం నమ్మినట్టేనని తల్లిదండ్రులు అనుకోవడం సహజం.

మన సభ్యుల్లో డాక్టర్లకు కొదవ లేదు. రాబోయే సంచిక నుంచి, జబ్బు పేరు కనిపించిన ప్రతి ప్రకటనను అచ్చుకు పంపేముందు వారిలో ఇద్దరు చదివి సంతకం చేసే పద్ధతిని కార్యవర్గం తీర్మానంగా ఆమోదించాలి. నయం చేస్తామన్న హామీ ఉంటే, ఇచ్చినవారు మన దాతలే అయినా, సొమ్ము తిరిగి ఇచ్చేయాలి.